మేకుకు వేలాడిన తెల్ల అంగీ

దోహాలో నేను పనిచేసే ఆఫీసులో నాకొక పేరుంది. బోర్డు మీద ఎవరి పేరున్నా, అసలు ఓనరు ఎవరో ఈమె ఇట్టే పసిగట్టేస్తుందని. మా కొనుగోళ్ళ విభాగానికి కొత్త సప్లయర్ ఎవరొచ్చినా ఒకసారి నా ముందు కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు. వాళ్ళు వెళ్ళాక మా మేనేజరు నా వైపు చూస్తాడు. నేను తల ఊపితే ఫైలు ముందుకు కదులుతుంది, లేదంటే పక్కకు పోతుంది. చాలా ఏళ్ళు ఈ పేరు చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడెవరైనా ఆ మాట ఎత్తితే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ విద్యలో పెద్ద రహస్యమేమీ లేదు. ఈ దేశంలో చాలాకాలం బయటివాళ్ళు వ్యాపారం పెట్టుకోవాలంటే ఇక్కడి పౌరుడొకరు భాగస్వామిగా ఉండాలి. చట్టం ఇప్పుడు సడలింది గానీ పాత లైసెన్సులు ఇంకా ఎన్నో గోడల మీద ఉన్నాయి. లైసెన్సు మీద ఒకరి పేరు, గల్లా దగ్గర ఇంకో మనిషి ఉండటం ఇక్కడెవరికీ వింత కాదు, భాగస్వామ్యం నిజమైతే తప్పూ కాదు. నాకు కావలసిందల్లా సరుకు రాకపోతే ఎవర్ని నిలదీయాలో తెలియడం. అందుకు నేను చూసేది ఒక్కటే. ధర అడిగినప్పుడు, జవాబు చెప్పబోయే మనిషి చూపు ఎవరి వైపు పోతుంది? ఆ చూపు ఎవరి మీద ఆగుతుందో వాళ్ళే ఓనరు. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే అనుభవం అని నవ్వేసేదాన్ని. పాము కాళ్ళు పాముకే తెలుస్తాయన్న సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

మా కంపెనీ ఆస్ట్రేలియా వాళ్ళది. గనుల్లోనూ గ్యాస్ ప్లాంట్లలోనూ మరమ్మతు పనులు చేస్తుంది. పెద్దాఫీసు అక్కడే ఉన్నా, ఖర్చు కలిసొస్తుందని కొనుగోళ్ళ పని చాలావరకు దోహాకి పంపేశారు. ఆ పెద్దాఫీసు నుంచి ఒక ఆదేశం వచ్చింది. ఆస్ట్రేలియాలోని అబోరిజినల్ ప్రజలు, అంటే ఆ నేలకు మొదటి మనుషులు, ఆ దేశపు ఆదివాసులు, వాళ్ళ సొంత వ్యాపారాల నుంచి కూడా మనం సరుకు కొనాలి. ఏదో దానధర్మంలా కాదు, మిగతా సప్లయర్లతో సమానంగా మన జాబితాలో వాళ్ళూ ఉండాలి. అయితే ఆ అవకాశం చూసి కొందరు ఆదివాసుల పేరు ముందు పెట్టి వెనక తమ వ్యాపారం తాము చేసుకుంటున్నారట. కాబట్టి జాబితాలో చేర్చేముందు యాజమాన్యం నిజమైనదో కాదో గట్టిగా చూడాలి. ఆ చివరి వాక్యం చదవగానే మా మేనేజరు నా పేరు రాసేశాడు. ఇంతకంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది అన్నాడు. ఎంత నిజం పలికాడో పాపం ఆయనకు తెలియదు.

మొదటగా వచ్చింది ఒకామె కంపెనీ. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి అంచున చిన్న ఊరు. హెల్మెట్ వెనక తగిలించుకునే గుడ్డలు కుట్టిస్తుంది. మెడ మీద, చెవుల మీద ఎండ పడకుండా అవి కాపాడతాయి. అక్కడి గనుల్లో వాడేవే, కొంచెం మార్చి మా ఖతార్ సైట్లకు కూడా తీసుకోవాలని అనుకున్నారు. ఆమె కుదిరితే ఒక్క దెబ్బతో రెండు దేశాల ఆర్డరు. ఆ చిన్న ఊరి చిన్న కంపెనీకి అదెంత పెద్ద సంగతో నాకు తెలుసు. నేను తల ఊపడమే మిగిలింది.

నమూనాలు ముందుగా వచ్చాయి. అల్ రువైస్ దగ్గర మా పని జరుగుతున్న చోటికి వాటిని తీసుకెళ్ళాను. ఎండాకాలం మొదలైంది. మధ్యాహ్నం పని ఆపి అందరూ నీడకు చేరిన సమయం. అక్కడున్నవాళ్ళలో మన వాళ్ళు చాలామందే. నిజామాబాద్, జగిత్యాల, ఆదిలాబాద్. ఆ గుడ్డకు వాళ్ళు అప్పటికే తోక అని పేరు పెట్టేశారు. ఒకతను దాన్ని నీళ్ళలో తడిపి పిండి మళ్ళీ హెల్మెట్‌కు తగిలించుకుంటూ, మెడ కాలుతలేదు మేడం, మంచిగున్నది, ఎవలు కుట్టిన్రు అని అడిగాడు. మాట మా ఆదిలాబాద్ మాట. ప్రాణం లేచొచ్చి నేనూ నా భాషలోకి దిగిపోయాను. ఆస్ట్రేలియాల మన ఆదివాసుల లెక్క ఉంటరు, వాళ్ళల్ల ఒకామె కంపెనీ, ఓనర్ ఆమెనే అని గొప్పగా చెప్పాను.

అతను నవ్వాడు. తనూ గోండు ఇంటివాడేనన్నాడు. ఆ తరవాత, ఏ కల్మషమూ లేకుండా అడిగాడు.

"నిజం ఓనరా మేడం? లేకుంటె మా దిక్కు గ్యాస్ షాపు ఓనర్ లెక్కనా?"

పక్కవాళ్ళకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి మెడలోని ఐడీ కార్డు మీదకు పోయింది. దాన్ని వెనక్కి తిప్పేశాను. దాని మీద నా ఇంటిపేరుంది. ఆదిలాబాద్ అడవి ఊళ్ళలో ఆ ఇంటిపేరు చదివితే ఏ షాపో చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. అతనిది ఏ ఊరని నేను అడగలేదు.

ఆ షాపు సంగతి చెప్పాలి. మాది మైదానం నుంచి ఆ అడవి ప్రాంతానికి వచ్చి స్థిరపడిన వ్యాపారుల కుటుంబం. వంటగ్యాస్ డీలర్‌షిప్ వచ్చినప్పుడు అది గిరిజనులకు కేటాయించినది. మా నాన్నకు రాదు. మా ధాన్యం కొట్లో బస్తాలు మోసే ఒక గోండు మనిషి ఉండేవాడు. మేము కాకా అని పిలిచేవాళ్ళం. నాన్న ఆయన పేరు మీద దరఖాస్తు పెట్టాడు. వచ్చింది. బోర్డు మీద కాకా పేరు, లైసెన్సు మీద కాకా ఫొటో, గల్లా పెట్టె మాత్రం నాన్న ముందు. కాకా అప్పటిదాకా బస్తాలు మోశాడు, ఆ రోజు నుంచి సిలిండర్లు మోశాడు. ఆయన జీవితంలో వచ్చిన మార్పు అంతే.

షాపులో క్యాలెండర్ వెనక ఒక మేకు ఉండేది. దానికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఒకటి వేలాడేది. మా వైపు అంగీ అంటాం. కంపెనీ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తున్నారని కబురు అందితే, కాకా సిలిండర్ దించి ముఖం కడుక్కుని ఆ అంగీ తొడుక్కుని గల్లా ముందున్న కుర్చీలో కూర్చునేవాడు. నాన్న పక్కన నిలబడేవాడు, మేనేజరు లాగా చేతులు కట్టుకుని. వాళ్ళు అమ్మకాలు ఎట్లున్నయి అని కాకాను అడిగితే, కాకా నోరు తెరవక ముందే నాన్న ఒక చూపు చూసేవాడు. నువ్వు మాట్లాడకు, నేను చెప్తున్నా అని ఆ చూపుకి అర్థం. వాళ్ళు వెళ్ళిపోగానే కాకా అంగీ విప్పి మడత నలగకుండా మళ్ళీ మేకుకు తగిలించేవాడు. మేము పిల్లలం వెంటపడి ఓనర్ సాబ్, ఓనర్ సాబ్ అని ఏడిపించేవాళ్ళం. ఆయన కూడా నవ్వేవాడు. ఆయనకు ఇంగ్లీషులో సంతకం నేర్పింది నేనే. అప్పట్లో అది నాకు పెద్ద సేవ చేసినట్టుండేది. ఆ సంతకంతోనే మా ఇల్లు లేచింది, నా ఇంజనీరింగ్ చదువు అయింది, నా పెళ్ళి అయింది. కాకా ఇంటికి మాత్రం గ్యాస్ పొయ్యి చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ కథంతా మనసులో పెట్టుకుని నేను ఆస్ట్రేలియా ఆమెతో వీడియో కాల్‌లో కూర్చున్నాను.

తెర మీద ఇద్దరున్నారు. ముందు ఒక తెల్లాయన, ఇస్త్రీ చొక్కా, గలగలా మాట. వెనగ్గా, కొంచెం పక్కకు ఆమె. నడివయసు దాటిన మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా ప్రశ్నలన్నిటికీ ఆయనే జవాబు చెప్పాడు. గుడ్డ ఎక్కడిది, ఎంతమంది కుడతారు, సముద్రం మీద ఎన్నాళ్ళు పడుతుంది. ఆమె ఒక్కసారి నమస్కారంలా తల వంచింది, అంతే. ధర దగ్గరకు వచ్చాం. ఎక్కువ తీసుకుంటే తగ్గిస్తారా అన్నాను. ఆయన పక్కకు తిరిగి ఆమెను ఒక చూపు చూశాడు. తరవాత కుదరదండీ అన్నాడు.

ఆ చూపు నేను చూశాను. నా సొంత సూత్రం ప్రకారం చూపు ఆమె మీద ఆగింది కాబట్టి ఆమే ఓనరు. అక్కడితో నా పని అయిపోవాలి. కానీ నాకు ఆ తెర మీద మా షాపు కనిపించింది. నాన్న కాకా వైపు చూసిన చూపు కనిపించింది. నువ్వు నోరు తెరవకు అనే చూపు. ఒక తెల్లాయన అనుమతి కోసం ఒక ఆదివాసీ ఆడమనిషి ముఖం చూస్తాడని నాకు తట్టనే లేదు. తట్టడానికి అలాంటిది నేను పుట్టి పెరిగిన చోట ఎన్నడూ చూడలేదు. నిజానికి అప్పుడు నాకు ఆమె మీద జాలేసింది, ఆయన మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళకు కాకాకు నేను న్యాయం చేస్తున్నానన్నంత ఆవేశం వచ్చింది. ఆమె పంపిన కాగితాలు మళ్ళీ తిరగేశాను. అన్నీ ఉన్నాయి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాకా కాగితాలు కూడా ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి. యాజమాన్యం అనుమానాస్పదం, మళ్ళీ విచారించాలి అని రాసి పంపేశాను. ఆ రోజు అల్ సద్‌లో మెట్రో దిగి ఇంటికి నడుస్తూ, ఏదో మంచిపని చేసినట్టు గుండె నిండుగా అనిపించింది. ఆ సంతోషం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ బాధ.

విచారణ అంటే మా కంపెనీలో నెలల పని. ఈలోగా ఎండ ఆగదు కదా. ఆ వేసవి ఆర్డరు పాత సప్లయర్‌కు వెళ్ళిపోయింది.

తరవాత కొన్నాళ్ళకు ఒక ఉదయం నా డెస్కు ఫోను మోగింది. ఆమే. తెల్లాయన లేడు. గొంతు నెమ్మదిగా ఉంది, కానీ తడబాటు లేదు. తన కాగితాల్లో ఏది తక్కువైందో చెబితే పంపిస్తానంది. ఏదీ తక్కువ కాలేదన్నాను. మరి అనుమానం దేనికంది. పద్ధతి ప్రకారం అని ఏదో నసిగాను. ఎవరి పద్ధతి అని అడిగింది. ఇక తప్పక, మీరొక్క మాట కూడా మాట్లాడలేదు, అన్నీ ఆయనే చెప్పాడు, అందుకని అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. వివరంగా చెప్పింది. మొదట్లో పెద్ద కంపెనీలకు తనే ఫోన్ చేసేదట. కాసేపు విని, ఒకసారి మీ ఓనరుకు ఫోన్ ఇస్తారా అనేవాళ్ళట. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మాట్లాడటానికే ఒక మనిషిని జీతానికి పెట్టుకుంది. ఆ గొంతు వింటే వాళ్ళకు నమ్మకం కుదురుతుంది. తను పక్కన కూర్చుని వింటుంది.

"ధర దగ్గర అతను నన్ను చూశాక గానీ జవాబు చెప్పలేదు. మీరు గమనించలేదా?" అంది.

గమనించాను. గమనించాననే చెప్పాను. ఇక అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది. గ్యాస్ షాపు, తెల్ల అంగీ, నాన్న చూపు, అన్నీ చెప్పేశాను. ఎదుటి బల్ల దగ్గర మా ఫిలిప్పీన్స్ అమ్మాయి బిస్కెట్ పొట్లం విప్పుతోంది. ప్రింటరు నడుస్తోంది. ఆ మాటలు నేను నా భర్తతో కూడా పూర్తిగా చెప్పుకోలేదు. ఎన్నడూ కలవని మనిషికి, అదీ నేను అన్యాయం చేసిన మనిషికి, ఆఫీసు ఫోన్లో చెప్పాను.

ఆమె అంతా విని, ఆ కాకా ఇంకా ఉన్నాడా అని అడిగింది. లేడు, పోయాడన్నాను. ఇప్పుడు బోర్డు మీద ఎవరి పేరుందని అడిగింది. ఆయన కూతురి పేరని చెప్పాను. నడిపేది ఎవరంది. మా అన్న అన్నాను. అప్పుడు ఆమె అడిగింది.

"నా మీద రాసినట్టు, మీ అన్న మీద ఎవరికైనా రాశారా?"

లేదు అన్నాను. ఆ ముక్క నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నాకే భయమేసింది. తిట్టి ఉంటే బాగుండేది. సరే, మీ నిర్ణయం కోసం చూస్తాను అని పెట్టేసింది.

ఆ రోజే నా రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. తప్పు నాదే, యాజమాన్యం నిజమైనదే, అనుమానానికి ఆధారం లేదని రాశాను. ఆ అనుమానం నాకు ఎక్కడి నుంచి పుట్టిందో మాత్రం రాయలేదు. మా మేనేజరు భుజాలు ఎగరేసి, పోనీలే, జాగ్రత్తపడ్డావు, అందులో తప్పేముంది అన్నాడు. ఆయనకు నా మీద నమ్మకం ఇంకా పెరిగింది కూడా. ఆమెను జాబితాలో చేర్చారు. కానీ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన మెషీన్లు తిరగవు. ఆర్డరు వస్తుందన్న ధైర్యంతో ఆమె ఊళ్ళో ఆడవాళ్ళను కొందరిని కుట్టుపనికి పెట్టుకుందట. వాళ్ళను ఇళ్ళకు పంపేయాల్సి వచ్చిందని ఆ తెల్లాయన పొడిగా ఒక వాక్యం రాశాడు. వచ్చే ఏడు చూద్దామని నేను జవాబిచ్చాను. వచ్చే ఏడు అనే మాట ఇచ్చేవాళ్ళకు ఎంత చవకో!

అల్ రువైస్‌కు మళ్ళీ వెళ్ళినప్పుడు ఆదిలాబాద్ అతను కనిపించాడు. కొత్తగా వచ్చిన గుడ్డలు చెమటకు మెడకంటుకుని ఒరుసుకుంటున్నాయట. అతను మాత్రం ఆమె పంపిన నమూనానే ఉతుక్కుని వాడుకుంటున్నాడు. అంచు పోగులు లేచిపోయాయి. ఆమె తోకలు ఎందుకు రాలేదు మేడం అని అడిగాడు. ఈసారి మాఫీ అని, లేవు అనే అర్థంలో అరబ్బీ ముక్క ఒకటి పడేసి కారు ఎక్కేశాను. అతను ఓనర్ సంగతి మళ్ళీ అడుగుతాడేమోనని భయం. అడిగి ఉంటే, ఆమె నిజం ఓనరే, మేమే అబద్ధం అని చెప్పాల్సి వచ్చేది.

ఆ తరవాత అన్న ఫోన్ చేశాడు. ఆ రోజు శుక్రవారం. అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్‌లో కూరగాయలు కొంటున్నాను. ఇన్‌స్పెక్షన్ ఉందట. కాకా కూతురు కుర్చీలో కూర్చోనంటోందట. డిగ్రీ చదివిన పిల్ల. నడిపితే నేనే నడుపుత, లేకుంటె నా పేరు తీసెయ్యిన్రి అని పట్టుబట్టిందట. అన్న గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువుంది. నువ్వంటే దానికి పాణం, నువ్వు జెప్తే ఇంటది అన్నాడు. ఆ పిల్లకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది కూడా నేనే. మా ఇంట్లో అక్షరాలు పంచే పని ఎప్పుడూ నాదే కదా.

ఆమె చేసేది సరైందే కదా అన్నాను. నిజంగా అన్నాను.

"నువ్వు సదువుకున్నది దేంతోటి? దుబాయ్ పోయింది దేంతోటి?" అన్నాడు. దోహా అని నేనెన్నిసార్లు చెప్పినా వాడికి దుబాయే. "అక్కడ కూసొని తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు."

మాట్లాడతానని చెప్పి పెట్టేశాను. నాకు తెలుసు ఏం చెప్పాలో. ఆస్ట్రేలియా ఆమె అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. ఆ కుర్చీ నీదే, ఆ గల్లా నీదే, తాళంచెవులు అడుగు, నీ వెనక నేనున్నాను అని చెప్పాలి. కారులో కూర్చుని ఆ వాక్యాలు పైకే అనుకున్నాను. బాగానే వచ్చాయి. ఇంగ్లీషులో ఇంకా బాగా వచ్చాయి.

వీడియో కాల్ కాదు, మామూలు ఫోనే. అన్న షాపులోనే ఉన్నాడు, ఫోన్ ఆ పిల్ల చేతికి ఇచ్చాడు. వెనక సిలిండర్లు దొర్లుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటే నేను మళ్ళీ ఆ ఇంటి ఆడపిల్లనైపోయాను. ఏం తిన్నవు, పాణం మంచిగున్నదా అని ఏవేవో అడిగాను. ఆమె అన్నిటికీ జవాబు చెప్పి, నెమ్మదిగా అసలు మాటకు వచ్చింది.

"అక్కా, నువ్వు పెద్ద కంపెనీల ఉన్నవ్. గిసొంటియన్ని నీకు ఎర్క. నువ్వే జెప్పు. ఆ కుర్చీ నాదా, కాదా?"

అన్న దగ్గాడు. దూరంగానే దగ్గాడు, కానీ నాకు వినిపించింది.

"నీ ఇష్టం అమ్మా," అన్నాను. "నీకు ఎట్ల మంచిగ అనిపిస్తే అట్ల చెయ్యి."

ఇంతే వచ్చింది నా నోటి నుంచి. కారులో చెప్పుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా రాలేదు. ఇది మర్యాదగా కనిపించే మాట. ఎదుటివాళ్ళకు స్వేచ్ఛ ఇస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఆమెను ఒంటరిగా అక్కడ వదిలేసి, నేను చల్లగా ఏసీ కారులో కూర్చున్నాను. ఆమెకు కూడా అది అర్థమైంది.

"నా ఇష్టమే అయితే నీతోటి ఫోన్ ఎందుకు జేపిస్తరు అక్కా?" అంది. నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. మళ్ళీ తనే అంది. "సరే, కూసుంట. బాపు అంగీ ఇంక ఆ మేకుకే ఉన్నది. నాకు పట్టది గని, చీర కట్టుకొని కూసుంట."

అప్పటికీ ఆగు అనొచ్చు. అనలేదు. ఫోన్ అన్న చేతికి పోయింది. వాడు తేలికపడ్డ గొంతుతో, మంచిగ జెప్పినవ్ అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ అయ్యాక అన్న నాకు ఒక ఫొటో పంపాడు. అంతా సాఫీగా అయిందని చెప్పడానికి. గల్లా ముందు కుర్చీలో ఆమె, వెనక క్యాలెండర్. పక్కన చేతులు కట్టుకుని మా అన్న, అచ్చం నాన్నలాగే. నా అలవాటు పోతుందా, వెంటనే చూపు ఎవరి వైపు ఉందో వెతికాను. అన్న ఆమె వైపు చూస్తున్నాడు, నోరు తెరుస్తుందేమోనని. ఆమె మాత్రం అన్న వైపు చూడటం లేదు. సూటిగా ఫోన్ వైపు, ఆ ఫొటో ఎవరికి పోతుందో తెలిసినట్టు, నా వైపు చూస్తోంది. ఆ ఫొటోకు నేనింకా ఏమీ జవాబు పెట్టలేదు.